అరచేతిలో ఫుట్‌బాల్: మంచీ చెడ్డా



ఈనాటి ప్రసంగానికి విషయం వీడియో గేమ్ అనగానే పెద్దవారిలో కొందరు రేడియో కట్టేసి వేరే పనిలో పడతారేమో. దయచేసి కట్టెయ్యకండి. ఇది మీ ఇంట్లో జరుగుతున్న సంగతే. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఎక్కడైనా సరే, మన తెలుగు ఇళ్ళల్లో సాయంత్రం అయ్యేసరికి ఒక మూల తల వంచుకుని కూర్చుని, రెండు బొటనవేళ్ళతో ఫుట్‌బాల్ ఆడే కుర్రవాడు ఒకడుంటాడు. వాళ్ళమ్మ తెలుగులో తిడుతూ ఉంటుంది. వాడు ఆటలో ఉన్న స్నేహితుడితో ఒడియాలో మాట్లాడుతూ ఉంటాడు. ఫోన్లోంచి వ్యాఖ్యాత ఇంగ్లీషులో అరుస్తూ ఉంటాడు. ఒక్క మంచం మీద మూడు భాషలు!

ఒడియా పిల్లలకూ తెలుగు పిల్లలకూ పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి కాబట్టి, తల్లిదండ్రులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మాస్టారూ, ఈ ఆట మంచిదా, చెడ్డదా?" ఒక్క ముక్కలో చెప్పమంటారు. బి.ఎడ్. చదివే రోజుల్లో మాకు మూల్యాంకనం అని ఒక పాఠం ఉండేది. పుస్తకం చేతికిస్తే అట్ట చూసి మార్కులు వెయ్యకూడదు. లోపల ఏముంది, ఏది వదిలేశారు, ఎవరి కోసం తయారుచేశారు, అమ్మినవాడికి లాభం ఎక్కడినుంచి వస్తుంది, ఇవన్నీ చూడాలి అని చెప్పేవారు. ఈ ఆటను కూడా అలాగే చూద్దాం.

పిల్లలు "ఫిఫా" అని పిలిచే ఆటనే తీసుకుంటున్నాను. ఇది ఇ.ఎ. స్పోర్ట్స్ అనే అమెరికా కంపెనీది. మొదటి ఆట 1993 డిసెంబరులో వచ్చింది. అంతకుముందు ఫుట్‌బాల్ వీడియో ఆటలు లేకపోలేదు. 1992లో వచ్చిన సెన్సిబుల్ సాకర్‌లో మేడమీదనుంచి వీధిలోకి చూసినట్టు మైదానం కనిపించేది, ఆటగాళ్ళు చీమలంత ఉండేవారు. ఫిఫా ఏం చేసిందంటే, మైదానాన్ని కొంచెం ఏటవాలుగా చూపించింది. గ్యాలరీలో మూలన కూర్చుని చూస్తున్నట్టుగా. బంతి పైకి లేచిందా, నేలమీదే పోతోందా అన్నది తెలిసింది. అయితే ఆ మొదటి ఆటలో ఆటగాళ్ళ పేర్లన్నీ కల్పితాలే. ఇంకో తమాషా లోపం కూడా ఉండేది. ఎదుటి గోల్‌కీపర్ బంతిని తన్నబోయేటప్పుడు వెళ్ళి అతని ఎదురుగా నిలబడితే చాలు, బంతి మనకు తగిలి వెనక్కి గోల్‌లోకి పోయేది! ఆ కిటుకు తెలిసిన పిల్లలకు ఆట నేర్చుకోవలసిన అవసరమే లేకపోయింది. పరీక్షకు గైడు దొరికిన పిల్లవాడు పాఠ్యపుస్తకం ఎందుకు తెరుస్తాడు? ఏ దేశంలోనైనా అంతే.

తరవాత యేటా కొత్త ఆట రావడం మొదలయింది. 1995లో వచ్చిన ఫిఫా 96తో నిజమైన ఆటగాళ్ళ పేర్లు వచ్చాయి. 1998 ప్రపంచ కప్పుకు ముందు వచ్చిన ఆటలో చాలా దేశాల జట్లు పెట్టారు, మన భారతదేశంతో సహా. నిజం ప్రపంచ కప్పుకు మనం ఇంతవరకూ ఒక్కసారైనా ఆడలేదు. ఆ ఆటలో మాత్రం ఓపిక ఉన్న కుర్రవాడెవడైనా భారతదేశాన్ని ప్రపంచ కప్పు దాకా తీసుకుపోవచ్చు. నవ్వుకోండి గానీ, ఇందులో ఒక పిల్లవాడికి కలిగే ఆనందాన్ని నేను తక్కువగా చూడను.

ఇక గుణాలు. నా దృష్టిలో అన్నిటికంటె పెద్ద గుణం, ఈ ఆట ఖాళీ జాగాను చూడటం నేర్పుతుంది.

వివరంగా మనవి చేస్తాను. మన పిల్లలు మైదానంలో ఆడటం మీరు చూసే ఉంటారు. బంతి ఎక్కడ ఉంటే పదిమందీ అక్కడే! బెల్లం ముక్క చుట్టూ ఈగలు మూగినట్టు. ఎవడికివాడు బంతి తనకే కావాలంటాడు. "ఒరేయ్, విడిపోండిరా, దూరంగా జరగండిరా" అని పక్కన నిలబడి అరిచి అరిచి వ్యాయామం మాస్టర్లకు గొంతు పోతుంది. పిల్లవాడిదా తప్పు? వాడి కళ్ళు నేలకు నాలుగడుగుల ఎత్తున ఉన్నాయి. వాడికి కనిపించేది ఎదురుగా ఉన్న నలుగురి వీపులు. మైదానం మొత్తం వాడికి ఎప్పుడూ కనిపించదు.

ఈ వీడియో ఆటలో మైదానంలో పెద్ద భాగం పైనుంచి కనిపిస్తుంది. అదికాక తెర కింద అంచున చిన్న పటం ఒకటి ఉంటుంది. రెండు పక్షాల ఆటగాళ్ళూ అందులో చుక్కలుగా కనిపిస్తారు. ఆట బాగా ఆడే పిల్లవాణ్ణి గమనించండి. వాడి చూపు బంతిమీద కంటె ఆ చుక్కలమీద ఎక్కువగా ఉంటుంది. ఎటు చుక్కలు తక్కువగా ఉన్నాయో చూసి అటు బంతి పంపుతాడు. భూగోళ పాఠంలో పటం చూడటం నేర్పడానికి మేము ఎంత అవస్థ పడతామో మీకు తెలియదు. ఇక్కడ పిల్లవాడు తనంతట తానే పటం చదువుతున్నాడు.

ఇందులో "త్రూ పాస్" అని ఒక మీట ఉంది. మామూలు పాస్ తోటివాడి కాళ్ళ దగ్గరకు పోతుంది. త్రూ పాస్ అలా కాదు. తోటివాడు ఇప్పుడున్న చోటికి కాకుండా, ఇంకొక క్షణంలో పరుగెత్తి చేరుకోబోయే చోటికి పోతుంది. అంటే ఎవరూ లేనిచోటికి బంతి పంపాలి. పన్నెండేళ్ళ పిల్లవాడికి నోటితో చెప్పి ఈ విషయం ఒప్పించడం కష్టం. "అక్కడ ఎవడూ లేడు కద సార్" అంటాడు. ఆటలో పదిసార్లు చేసి చూశాక ఇక చెప్పనక్కరలేదు.

ఆఫ్‌సైడ్ కూడా అంతే. బంతి అందించే క్షణానికి దాన్ని అందుకోబోయేవాడు ఎదుటి పక్షం సగంలో, బంతికంటె ముందూ, చివరినుంచి రెండో ప్రత్యర్థికంటె ముందూ ఉండకూడదు. ఇది నియమం. నేను ఇప్పుడు చెప్పినది వినగానే మీలో ఎందరికి అర్థమయిందో! సుద్దముక్కతో గీతలు గీసి, రాళ్ళు పేర్చి చెప్పినా సగంమంది పిల్లలకు అర్థమయ్యేది కాదు. కిందటేడాది ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు తన స్నేహితులకు రెండు నిమిషాల్లో దీన్ని విప్పి చెప్పడం విన్నాను. బంతి కాలిని విడిచినప్పుడు చూడాలి గానీ బంతి చేరినప్పుడు కాదు అన్న మెలిక సహా చెప్పాడు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే జేబులో ఫోను చూపించాడు.

ఇంకొక గుణం గురించి ఎవరూ మాట్లాడరు. కాలు సరిగా లేని పిల్లలున్నారు. గుండె జబ్బుతో పరుగెత్తవద్దని డాక్టరు చెప్పిన పిల్లలున్నారు. మైదానంలో వాళ్ళ పని మిగతావాళ్ళ చెప్పులకు కాపలా కాయడం. ఈ ఆటలో వాళ్ళు మిగతావాళ్ళతో సమానం; ఒక్కొక్కసారి వాళ్ళే పైచెయ్యి. అలా గెలిచిన పిల్లవాడి మొహం చూశాక, "వీడియో ఆటలన్నీ దండగ" అని నేను ఏ సభలోనూ అనలేను.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. 2015లో వచ్చిన ఫిఫా 16లో తొలిసారిగా 12 దేశాల మహిళా జట్లను చేర్చారు. 2022లో వచ్చిన ఆటలో ఇంగ్లండు, ఫ్రాన్సు మహిళా లీగుల క్లబ్బులు వచ్చాయి. ఆ మరుసటి ఏటినుంచి ఒకే జట్టులో మగవారినీ ఆడవారినీ కలిపి ఆడించే వీలు కూడా కల్పించారు. అదే 2022 అక్టోబరులో పదిహేడేళ్ళలోపు బాలికల ప్రపంచ కప్పు మన దేశంలో జరిగింది. భారత జట్టు ఆడిన మూడు ఆటలూ మన భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే. మూడూ ఓడిపోయాం, అమెరికా చేతిలో ఏకంగా ఎనిమిది గోల్స్ తేడాతో. ఆ ఆట టీవీలో చూసిన మా బడి అమ్మాయిలు ఓటమి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. "మన అమ్మాయిలు టీవీలో ఫుట్‌బాల్ ఆడారు సార్" అన్నారు. అన్నయ్య ఫోన్లో ఆడపిల్లల జట్టు కనిపించడం చిన్న విషయం అనుకునేవారికి ఈ మాట చెబుతాను.

సరే, గుణాలు చెప్పుకున్నాం. దోషాలకు వద్దాం.

మొదటిది అందరికీ తెలిసినదే. ఇందులో ఒళ్ళు లేదు. నిజం ఆట 90 నిమిషాలు. ఇందులో ఇంటర్నెట్లో పోటీకి దిగితే సాధారణంగా సగానికి ఆరు నిమిషాల చొప్పున పన్నెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఎండ లేదు, ఆయాసం లేదు, డెబ్బయ్యో నిమిషంలో పిక్క పట్టేసి కూలబడటం లేదు. ఆటగాడి శక్తి తగ్గుతున్నట్టు ఒక గీత తరిగిపోతూ కనిపిస్తుంది. అంతే. పిల్లవాడి ఒళ్ళు మాత్రం మంచం మీద నిశ్చలంగా ఉంటుంది. పైగా పాస్ ఎంత బలంగా, ఎటు పోవాలో చాలావరకు యంత్రమే సర్దిపెడుతుంది. ఆ సాయాన్ని తీసేసే వీలుంది గానీ తీసేవాళ్ళు తక్కువ. అందుచేత తెరమీద ఆరితేరినవాడు మైదానంలో దిగి బంతి తన్నితే అది కాలవలో పడుతుంది. వాడికి కోపం వస్తుంది. బంతిమీద!

ఇక్కడ ఒక పెద్దాయనను తలుచుకోవాలి. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తిరీత్యా బడి పంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1 తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సరు. మరుసటి ఏడే పోయారు. ఆయన జీవితం మీద 2024లో మైదాన్ అని హిందీ సినిమా కూడా వచ్చింది.

రహీం గారు హైదరాబాదులో కుర్రవాళ్ళకు చిత్రమైన పోటీలు పెట్టించేవారు. ఒకదాంట్లో బంతిని కాళ్ళమధ్య తిప్పుకుంటూ పరుగెత్తకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలన్నమాట.

ఈ వీడియో ఆటలో కూడా బలహీనమైన కాలి ప్రస్తావన ఉంది. ప్రతి ఆటగాడికీ ఆ కాలు ఎంతమాత్రం పనిచేస్తుందో చెబుతూ అయిదు నక్షత్రాలకుగాను ఇన్ని అని వేస్తారు. అయిదు నక్షత్రాలుంటే రెండు కాళ్ళూ సమానం. మెచ్చుకోవలసిన విషయమే, ఇంత సూక్ష్మం గమనించారు. తేడా ఎక్కడంటే, రెండు నక్షత్రాలవాడు నచ్చకపోతే పిల్లవాడు అయిదు నక్షత్రాలవాణ్ణి తెచ్చుకుంటాడు. ఎడమకాలితో నెలరోజులు గోడకు బంతి కొట్టి రెండును మూడు చేసుకోవడం అన్నది వాడికి తట్టదు. ఆటగాడు నచ్చకపోతే మార్చెయ్యడమే.

ఆ మార్చడం దగ్గరే అసలు రోగం ఉంది. తల్లిదండ్రులు ఈ భాగం కాస్త శ్రద్ధగా వినాలని కోరుతున్నాను.

2009 మార్చిలో ఈ ఆటకు "అల్టిమేట్ టీమ్" అనే విభాగం జోడించారు. ఇందులో ప్రతి ఆటగాడూ ఒక చీటీ. ఆ చీటీలను పోగుచేసుకుని సొంత జట్టు తయారుచేసుకోవాలి. చీటీలు పొట్లాల్లో వస్తాయి. పొట్లం విప్పేదాకా లోపల ఎవరున్నారో తెలియదు. ఆడి సంపాదించిన నాణేలతో పొట్లం కొనవచ్చు, నిజమైన డబ్బుతోనూ కొనవచ్చు. మన ప్రాంతపు యాత్రల్లో, తీర్థాల్లో చీటీ లాగించే అంగడి చూశారు కదా? గోడకు గడియారం, స్టీలు బిందె, సైకిలు వేలాడుతుంటాయి. రూపాయి ఇచ్చి చీటీ లాగితే పిన్నీసు వస్తుంది. కళ్ళు మాత్రం సైకిలు మీదే ఉంటాయి. ఇదీ అదే అంగడి. కాకపోతే తీర్థం మూడు రోజుల్లో అయిపోతుంది, ఈ అంగడికి మూత లేదు. విప్పేటప్పుడు వెలుగులు, మోతలు, జెండా ముందు కనిపించి తరవాత మనిషి కనిపించడం! ఆ ఆలస్యమంతా కావాలని పెట్టిందే.

ఇంకొక సంగతి. ఆ చీటీలు ఆ యేటి ఆటకే. మరుసటి ఏడు కొత్త ఆట రాగానే మళ్ళీ మొదటినుంచి పోగుచేసుకోవాలి. పాత చీటీలు కొత్త ఆటలో చెల్లవు.

ఈ వ్యాపారం ఎంత పెద్దదో ఒక్క అంకె చెబుతాను. 2021 మార్చితో ముగిసిన సంవత్సరంలో ఆ కంపెనీకి తన క్రీడల ఆటలన్నిటిలోని అల్టిమేట్ టీమ్ విభాగాలు కలిపి తెచ్చిన ఆదాయం సుమారు 162 కోట్ల డాలర్లు. రూపాయలు కాదండీ, డాలర్లు. ఇక ఆటను ఎవరికి అనుకూలంగా మలుస్తారు, ఖాళీ జాగా చూడటం నేర్చుకునే పిల్లవాడికా, పొట్లం విప్పే పిల్లవాడికా?

ఇది జూదమా కాదా అని యూరప్ దేశాల్లో తగవు జరిగింది. బెల్జియంలో జూదాన్ని నియంత్రించే అధికారులు 2018లో ఇలాంటి పొట్లాలు జూదమే అన్నారు. 2019 జనవరి నుంచి అక్కడ డబ్బుకు పొట్లాల పాయింట్లు అమ్మడం ఆ కంపెనీ మానుకుంది. పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో కోటి యూరోల జరిమానా వేశారు. 2022 మార్చిలో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ జరిమానా కొట్టేసింది. పొట్లం విప్పడం వేరే ఆట కాదు, నైపుణ్యంతో ఆడే పెద్ద ఆటలో అదొక భాగం అన్నది దాని వాదం. న్యాయమూర్తుల మాట కాదనడానికి నేనెవణ్ణి? కానీ ఒక్కటి. పొట్లంలో ఏది వచ్చే అవకాశం నూటికి ఎంత అన్నది ఈ కంపెనీ తెలియజేయడం మొదలుపెట్టింది 2018లో వచ్చిన ఫిఫా 19తో. అంటే అప్పటికి తొమ్మిదేళ్ళకు పైగా ఆ లెక్క చెప్పకుండానే అమ్మారు.

మా ఊళ్ళో టిఫిన్ల కొట్టు నడుపుకునే తల్లి ఒకామె బడికి వచ్చింది. అది ఏ ఆటో చెప్పను. ఇలాంటివి చాలా ఉన్నాయి. గిరాకీల డబ్బు ఆమె ఫోనులోకే వస్తుంది. రాత్రిపూట అదే ఫోను కొడుకు చేతిలో. నెల తిరిగేసరికి నాలుగు వేలకు పైగా పోయింది. ఒక్కసారిగా కాదు, నలభై, ఎనభై, వంద చొప్పున. రహస్య అంకె వాడికెలా తెలుసని అడిగితే, వేడి పెనం దగ్గర చేతులు ఖాళీ లేనప్పుడు వాడిచేతనే నొక్కించేదాన్నని చెప్పింది. "ఏటి మాస్టారూ, గుంటడు దొంగతనం చేశాడనుకోవాలా, ఆట ఆడాడనుకోవాలా?" అని అడిగింది. పిల్లవాణ్ణి పిలిచి ఏం కొన్నావురా అంటే "పొట్లాలు సార్" అన్నాడు. పొట్లాల్లో ఏం వచ్చిందిరా అంటే, తల వంచుకుని, "ఉన్నవాళ్ళే మళ్ళీ వచ్చారు సార్" అన్నాడు. ఆ నాలుగు వేలూ వచ్చే నెల బియ్యానికీ నూనెకీ పెట్టుకున్నది.

ఇక అంకెల సంగతి. ప్రతి ఆటగాడికీ వేగం, గోల్ కొట్టడం, బంతి అందించడం, బంతిని కాళ్ళతో ఆడించడం, అడ్డుకోవడం, శరీర బలం అని ఆరు అంకెలుంటాయి. వాటిమీద పెద్ద అంకె ఒకటి. 2021లో వచ్చిన ఫిఫా 22లో మన ఇండియన్ సూపర్ లీగ్ జట్లు చేరాయి. ఒడిషా ఎఫ్.సి., హైదరాబాద్ ఎఫ్.సి., బెంగుళూరు ఎఫ్.సి. అన్నీ. మా పిల్లల సంబరం ఇంతా అంతా కాదు. మన రాష్ట్రం పేరు ఫిఫాలో! రెండు రోజులు గడిచాక సంబరం చల్లారింది. మన లీగులో చాలామంది అంకెలు యాభైల్లో, అరవైల్లో ఉన్నాయి. యూరప్ వాళ్ళవి ఎనభైలు దాటి తొంభై దాకా. "మనవాళ్ళతో ఆడితే గెలవలేం సార్" అని ఒడిషా జట్టును పక్కన పెట్టేశారు.

ఆ అంకెలు మరీ అన్యాయమని నేను అనను. యూరప్ లీగులకూ మన లీగుకూ తేడా ఉన్నమాట నిజమే. అయితే ఈ ఆటలో ఏళ్ళ తరబడి వేగం అనే అంకెకు ఉండవలసినదానికంటె ఎక్కువ విలువ ఉందని ఆడేవాళ్ళే గోల పెడుతూ వచ్చారు. చక్కగా ఆలోచించి నెమ్మదిగా బంతి అందించేవాడికంటె దూసుకుపోయేవాడు ఎక్కువ పనికొస్తాడు. పిల్లలు కూడా వేగం అంకె చూసే మనిషిని ఎన్నుకుంటారు.

మార్కులు వేసే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి అంకెలను నేను చిన్నచూపు చూడలేను. కానీ మా తరగతిలో జరిగింది వినండి. పిల్లలు అట్టముక్కలు కత్తిరించి, ఒకరికొకరు అచ్చం ఆ ఆటలో లాగే చీటీలు తయారుచేసుకున్నారు. బొమ్మ, పేరు, ఆరు అంకెలు. బాగా ఆడేవాడికి 88. కొంచెం బొద్దుగా, మెల్లగా కదిలే పిల్లవాడొకడికి 41. వాడూ నవ్వాడు. తరవాత పేరుకు బదులు "ఒరేయ్ నలభై ఒకటీ" అని పిలవడం మొదలుపెట్టారు. రెండు వారాలు తిరిగేసరికి వాడు సాయంత్రం మైదానానికి రావడం మానేశాడు. కడుపునొప్పి అనేవాడు.

నేను చీటీలు చించలేదు. రహీం గారి పోటీ పెట్టాను. అందరూ అలవాటు లేని కాలితోనే ఆడాలి. 88 వాడు రెండుసార్లు బంతిమీద కాలేసి జారిపడ్డాడు. 41 వాడు గొప్పగా ఏమీ ఆడలేదు, గోలూ కొట్టలేదు. రెండు పాసులు మాత్రం సరిగ్గా అందించాడు. మర్నాడు వాడు వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు.

పోటీ కంపెనీ ఆట గురించి కూడా ఒక మాట. జపానుకు చెందిన కొనామీ కంపెనీది ప్రో ఎవల్యూషన్ సాకర్ అని ఉండేది. ఒకప్పుడు బంతి కదలిక అందులోనే సహజంగా ఉండేదని ఆడేవాళ్ళలో చాలామంది అభిప్రాయం. కాని వాళ్ళకు క్లబ్బుల పేర్లు వాడుకునే హక్కులు తక్కువ. అందుచేత మాంచెస్టర్ యునైటెడ్‌ను "మాన్ రెడ్" అనీ, లివర్‌పూల్‌ను "మెర్సీసైడ్ రెడ్" అనీ పెట్టుకునేవారు. తరవాత వాళ్ళు ఇటలీ క్లబ్బు యువెంటస్ పేరు హక్కులు ప్రత్యేకంగా కొనుక్కుంటే, ఫిఫా 20లో అదే జట్టు "పియెమోంతే కాల్చో" అనే ఊరూపేరూ లేని పేరుతో కనిపించింది. కొనామీ 2021 సెప్టెంబరు చివర్లో తన ఆటను ఈఫుట్‌బాల్ అని పేరు మార్చి ఉచితంగా విడుదల చేసింది. మొహాలు వంకర్లు పోయి, బంతి ఎటో పోయి నవ్వులపాలయింది. కంపెనీయే క్షమాపణ చెప్పుకుంది. పేరు సంగతికొస్తే, 2022 మేలో ఫిఫా సంస్థకూ ఇ.ఎ. కంపెనీకీ తెగతెంపులయ్యాయి. 2023 నుంచి ఆ ఆట పేరు ఇ.ఎ. స్పోర్ట్స్ ఎఫ్.సి. వేలమంది నిజమైన ఆటగాళ్ళతో, వందల జట్లతో అదే ఆట, అదే అంగడి. మన పిల్లలు మాత్రం ఇంకా ఫిఫా అనే అంటున్నారు.

పెద్దవారు ఏం చెయ్యాలి అని అడుగుతారు. ఫోనులో కొనుగోలు చేసే ప్రతిసారీ రహస్య అంకె అడిగేటట్టు పెట్టుకోవచ్చు. ఆ అంకె పిల్లలచేత నొక్కించకండి. వ్యాపారం ఫోను వేరు, పిల్లలకిచ్చే ఫోను వేరుగా ఉంటే ఇంకా మేలు. లేనివాళ్ళు కనీసం బ్యాంకు ఖాతా ఉన్న ఫోను రాత్రిపూట దగ్గర పెట్టుకోండి. పిల్లవాడు డబ్బు పెట్టకుండా ఆడితే ఆడనివ్వండి. పది నిమిషాలు పక్కన కూర్చుని, "ఆ మూల చుక్క ఎవరురా? వాడికి ఎందుకు ఇవ్వలేదు?" అని అడగండి. వాడు సంతోషంగా చెబుతాడు. మీకూ ఆఫ్‌సైడ్ అర్థమవుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. పిల్లలు ఫోను వదలరని తిట్టేముందు, వదిలితే ఎక్కడికి పోవాలో కూడా చూడాలి. మా పేటలో ఉన్న ఒక్క మైదానంలో చలికాలం రెండు నెలలూ ఎగ్జిబిషన్ డేరాలు. తరవాత పెళ్ళిళ్ళ పందిళ్ళు. వానాకాలం మోకాలి లోతు నీళ్ళు. మిగిలిన నెలల్లో గేటుకు తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఒకరినడిగితే ఇంకొకరి పేరు చెబుతారు. ఫోనులో మైదానానికి తాళం లేదు కదా!

అందుకని మా బడి పెద్దలతో మాట్లాడి, బడి వెనక స్థలాన్ని శుభ్రం చేయించాం. ఆదివారం తప్ప రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరుదాకా తెరిచి ఉంటుంది. ఆడపిల్లలకు మంగళ, గురువారాలు ప్రత్యేకంగా కేటాయించాం. మిగతా రోజుల్లో కూడా రావచ్చు. శనివారం అలవాటు లేని కాలి ఆట. గోల్ స్తంభాలు వెదురువి. బంతులు రెండున్నాయి. గాలికొట్టే పంపు మాత్రం వాషర్ పోయి పనిచెయ్యడం లేదు. సైకిలు షాపువారెవరైనా ఈ ప్రసంగం వింటుంటే, పాత వాషర్ ఒకటి ఇప్పిస్తే చాలు.